మంత్రగత్తెల వేట పాఠాలతో ఇంగ్లీష్ పదాలు నేర్చుకోవచ్చా?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. డిగ్రీ దాకా తెలుగు మీడియం. పోటీ పరీక్షల ఇంగ్లీష్ కోసం చదువుతున్న పుస్తకంలో అమెరికాలోని సేలం మంత్రగత్తెల విచారణ మీద ఒక పాఠం, 1950లలో అక్కడే కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ కాలం మీద ఇంకో పాఠం ఉన్నాయి. ఒక్కో పాఠం కింద ముప్పై, నలభై కొత్త పదాలు. బట్టీ పడితే నెల తిరక్కుండానే మర్చిపోతున్నారు. 'అక్యూజ్', 'చార్జ్', 'కన్విక్ట్' అన్నీ ఒకటే అనిపిస్తున్నాయి. పైగా ఆ పాఠాలు చదివితే మనసు పాడవుతోంది. వీటిని వదిలేసి పర్యావరణం, ఆరోగ్యం లాంటి పాఠాలు చదువుకోవడం మేలా, డిక్షనరీ ఎలాంటిది కొనాలి అని అడిగారు.

వదలొద్దు చెల్లెమ్మా. నల్లగొండలో చాలా ఏళ్లుగా తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీష్ చెబుతున్నాను. పదాలు గుర్తుండిపోవడానికి ఇంతకంటే మంచి పాఠాలు నాకు దొరకలేదు. వీటిలో పదాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా వస్తాయి. ముందు పుకారు, తర్వాత అనుమానం, ఆరోపణ, అరెస్టు, విచారణ, ఒప్పుకోలు, ఇంకొకరి పేరు చెప్పడం, తీర్పు, శిక్ష. ఎన్నో ఏళ్ల తర్వాత, అదీ కొందరి విషయంలోనే, నిర్దోషులన్న ప్రకటన. పర్యావరణం పాఠంలో ఏ పదానికి ఆ పదమే. ఇక్కడ ఒక పదం తెలియకపోతే కేసు ఎక్కడిదాకా వచ్చిందో అర్థం కాదు. మీరు బట్టీ పట్టింది పుస్తకం చివర అక్షరక్రమంలో ఉన్న జాబితా. దాన్ని పక్కన పెట్టి, అవే పదాలను కేసు నడిచిన క్రమంలో రాసుకోండి. మీ ఇబ్బందిలో సగం అక్కడే తీరుతుంది.

సేలం పాఠమే తీసుకుందాం. 1692లో మసాచుసెట్స్‌లో, అప్పటికి అది ఇంగ్లండ్ వలస, సేలం విలేజ్ అనే ఊళ్లో పాస్టర్ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలకు ఫిట్స్ లాంటివి మొదలయ్యాయి. ఎవరో చేతబడి చేశారన్నారు. మొదట అరెస్టయిన ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు పాస్టర్ ఇంట్లో బానిస టిటూబా, ఒకరు బిచ్చమెత్తుకుని బతికే సారా గుడ్, ఇంకొకరు మంచానపడ్డ సారా ఆస్బోర్న్. ముగ్గురికీ ఊళ్లో అండ లేదు. ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: ఎవరు ఎవరిని ఏమన్నారు?

పక్కింటివాళ్లు చేసింది 'అక్యూజ్'. ఇది ఎవరైనా చేయగలరు. రుజువు అక్కర్లేదు, అధికారమూ అక్కర్లేదు. ప్రభుత్వం కాగితం మీద నేరం మోపితే అది 'చార్జ్'. జ్యూరీ విని, నేరం చేసినట్టే అని తేలిస్తే 'కన్విక్ట్'. జడ్జి శిక్ష చెబితే 'సెంటెన్స్'. నాలుగు పనులు, నలుగురు వేర్వేరు మనుషులు. పని ఎవరిదో పట్టుకుంటే ఈ పదాలు ఇక కలగాపులగం కావు. ప్రతి క్రియ పక్కన దాని చిన్న పదం కూడా రాసుకోండి: అక్యూజ్ 'ఆఫ్', చార్జ్ 'విత్', కన్విక్ట్ 'ఆఫ్', సెంటెన్స్ 'టు'. మన పిల్లలు 'అక్యూజ్డ్ ఫర్' అని రాసి మార్కు పోగొట్టుకోవడం ఎన్నిసార్లు చూశానో. వీటికి సూత్రం వెతక్కండి. సారా గుడ్ పేరుతో నాలుగు వాక్యాలు రాసి పైకి చదవండి, చెవికి అలవాటవుతుంది.

'అలెజ్' దగ్గర ఇంకొంచెం ఆగాలి. మన పేపర్లలో 'ఆరోపణలు ఎదుర్కొంటున్న' అని రాస్తారు చూడండి, దాదాపు అదే. రాసేవాడు ఆ నేరం రుజువైందని ఒప్పుకోవడం లేదని చెప్పే పదం ఇది. పరీక్షలో రచయిత వైఖరి ఏమిటని అడిగితే జవాబు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. పాసేజీలో 'విచ్' అని రాశారా, 'అలెజ్డ్ విచ్' అని రాశారా, 'విమెన్ అక్యూజ్డ్ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' అని రాశారా చూసి కింద గీత గీయండి. ఆ మూడింటికీ మధ్య చాలా దూరం ఉంది.

ఆ తర్వాత 'కన్ఫెస్'. ఈ పదాన్ని టిటూబా కథతోనే నేర్చుకోవాలి. ఆమె ఒప్పుకుంది, బతికింది. ఆ ఏడాది సేలంలో నేరం ఒప్పుకుని ఇంకొందరి పేర్లు చెప్పినవాళ్లకు ఉరి తప్పింది. నేను చేయలేదని చివరిదాకా నిలబడినవాళ్లను ఉరితీశారు. మొత్తం 19 మందిని, 14 మంది ఆడవాళ్లను, ఐదుగురు మగవాళ్లను. జైల్లో పోయినవాళ్లు వేరే. అబద్ధం ఒప్పుకుంటే ప్రాణం, నిజం చెబితే చావు. ఈ సంగతి తెలిశాక 'కన్ఫెస్' పక్కన 'డినై' అనే పదాన్ని ఎవరూ మర్చిపోరు.

ఒప్పుకుని తర్వాత వెనక్కి తీసుకుంటే 'రికాంట్'. మార్గరెట్ జేకబ్స్ అనే అమ్మాయి భయపడి ఒప్పుకుంది, సొంత తాతకు వ్యతిరేకంగా కూడా చెప్పింది. తర్వాత మనసు ఊరుకోలేదు, ఆ మాటలు వెనక్కి తీసుకుంది. తాతను మాత్రం ఉరితీశారు. 1693లో కోర్టు ఆమెను నిర్దోషి అని వదిలింది. ఆ వదలడం 'అక్విట్'. అయినా వెంటనే బయటికి రాలేకపోయింది, ఎందుకంటే అక్కడి ఖైదీలు జైలు ఖర్చు తామే కట్టుకోవాలి, ఆమె దగ్గర డబ్బు లేదు.

'ప్లీడ్' అంటే మనవాళ్లకు తెలిసింది బతిమాలడం ఒక్కటే. కోర్టులో దాని అర్థం, నేరం చేశానో చేయలేదో జవాబు చెప్పడం. జైల్స్ కోరీ అనే ఎనభై ఏళ్ల రైతు ఆ జవాబు చెప్పడానికి నిరాకరించాడు. జవాబు రాబట్టాలని ఛాతీ మీద రాళ్లు పేర్చారు. ఆయన చెప్పలేదు, 1692 సెప్టెంబరులో ఆ రాళ్ల కిందే చనిపోయాడు. ఇది చదివాక మీకు మనసు పాడైందంటే అది మీ బలహీనత కాదు, పాఠాన్ని సరిగ్గా చదివారని అర్థం.

సేలంలో ఎవరినీ కాల్చలేదు. ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ చేతబడికి శిక్ష ఉరి. సజీవంగా కాల్చడం జర్మనీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల జరిగింది. యూరప్ అంతటా 15 నుంచి 18వ శతాబ్దం దాకా 40,000 నుంచి 60,000 మంది దాకా చంపేశారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లు, అయితే ఐస్‌లాండ్ లాంటి కొన్ని చోట్ల ఎక్కువమంది మగవాళ్లు. ఉరి దగ్గర ఒక వ్యాకరణం సంగతి కూడా ఉంది. మనిషిని ఉరితీస్తే 'హ్యాంగ్డ్', గోడకు పటం తగిలిస్తే 'హంగ్'. పరీక్షలో అడుగుతూనే ఉంటారు.

ఇక చివరి మెట్టు. 'పార్డన్' అంటే క్షమించడం, అంటే నేరం చేశావు గానీ వదిలేస్తున్నాం అని. 'ఎగ్జానరేట్' అంటే అసలు నీ తప్పే లేదని ప్రకటించడం. జడ్జీల్లో ఒకరైన శామ్యూల్ సువాల్ 1697లో చర్చిలో అందరి ముందు నిలబడి, తన తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితాన్ని చదివించాడు. 1711లో కొన్ని కుటుంబాలకు నష్టపరిహారం ఇచ్చారు. ఎలిజబెత్ జాన్సన్ అనే ఆమె పేరు మాత్రం నిర్దోషుల జాబితాల్లోకి ఎక్కకుండా మిగిలిపోయింది. శిక్ష పడినా ఉరి తప్పినామె. నార్త్ ఆండోవర్ అనే ఊళ్లో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల టీచరు పట్టుబట్టి తిరిగితే 2022లో ఆమెను నిర్దోషిగా ప్రకటించారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లల ముఖాలు వెలుగుతాయి.

మెకార్తీ పాఠంలో పదాలు కొన్ని కొత్తవి, కేసు నడిచే వరుస మాత్రం పాతదే. జోసెఫ్ మెకార్తీ విస్కాన్సిన్ సెనేటర్. 1950 ఫిబ్రవరిలో వీలింగ్ అనే ఊళ్లో మాట్లాడుతూ, అమెరికా విదేశాంగ శాఖలో ఉన్న కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో ఉందన్నాడు. ఆయనకంటే ముందే ప్రతినిధుల సభలో ఒక కమిటీ ఇదే పనిలో ఉంది. 1947లో హాలీవుడ్ రచయితలు, దర్శకులు పదిమంది ఆ కమిటీకి జవాబు చెప్పేది లేదన్నారు. సభా ధిక్కారం కింద వాళ్లను జైల్లో పెట్టారు. ఇది 'కంటెంప్ట్'. స్టూడియోలు వాళ్లకు పని ఇవ్వడం మానేశాయి. ఇది 'బ్లాక్‌లిస్ట్'. ఆ కమిటీ అందరినీ అడిగిన ప్రశ్నను ఇంగ్లీష్ వ్యాకరణం చెప్పడానికి నేను ఏళ్లుగా వాడుతున్నాను: 'ఆర్ యూ నౌ, ఆర్ హావ్ యూ ఎవర్ బీన్, ఎ మెంబర్ ఆఫ్ ద కమ్యూనిస్ట్ పార్టీ?' ఇప్పుడు సభ్యుడివా, లేక ఎప్పుడైనా సభ్యుడిగా ఉన్నావా? 'హావ్ యూ ఎవర్ బీన్' అన్నది మనిషి జీవితం మొత్తాన్ని తవ్వుతుంది. ఇరవై ఏళ్ల కింద ఒక మీటింగుకు పోయి ఉన్నా దొరికిపోతాడు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఏం పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ గ్రామర్ పుస్తకంలోనూ నేను చూడలేదు.

1954 డిసెంబరులో సెనేట్ 67–22 ఓట్లతో మెకార్తీని అభిశంసించింది. ఆ పదం 'సెన్షర్'. సినిమాకు కత్తెర వేసే 'సెన్సార్'తో కలిపేయకండి. 'పర్సిక్యూట్', 'ప్రాసిక్యూట్' జంట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. చట్టం ప్రకారం కోర్టులో కేసు నడిపితే ప్రాసిక్యూట్. మతం, కులం, అభిప్రాయం చూసి మనిషిని వెంటాడి వేధిస్తే పర్సిక్యూట్. మొదటిది చేస్తున్నామని చెప్పుకుంటూ రెండోది చేయడమే ఈ చరిత్రంతా.

ఆర్థర్ మిల్లర్ రాసి, 1953లో రంగస్థలం ఎక్కిన 'ద క్రూసిబుల్' నాటకం సేలం కథ చెబుతూ మెకార్తీ కాలాన్ని చూపించింది. దొరికితే చదవండి, సంభాషణలు కాబట్టి ఇంగ్లీష్ తేలికగా పట్టుబడుతుంది. చరిత్రకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. నాటకంలో ముఖ్యపాత్రలైన ఇద్దరిలో అబిగైల్‌కు నిజంగా పదకొండో పన్నెండో ఏళ్లే, జాన్ ప్రాక్టర్‌కు అరవై. నాటకం కోసం మిల్లర్ ఆ వయసులు మార్చుకున్నాడు.

ఇక్కడిదాకా ఏ మంచి టీచరైనా చెబుతారు. మన జిల్లాల పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇంకొకటుంది: ఈ పదాలను మన నేల మీద కూడా నడిపించండి. సేలం మనకు దూరం. దేవరకొండ దూరం కాదు. నిజాం ప్రభుత్వం 1929లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి, అనుమతి లేకుండా సభలు పెట్టొద్దంది. అదే కాలంలో, 1931లో, మీ దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండో ఆంధ్ర మహాసభ జరిగింది. 'బ్యాన్', 'పర్మిషన్', 'అసెంబుల్', 'డిఫై' (ధిక్కరించడం) అనే పదాలతో ఈ రెండు సంగతులూ ఇంగ్లీష్‌లో రాసి చూడండి. పాలమూరు పిల్లలైతే ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గురించి, ఆయన 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక గురించి రాయొచ్చు. హైదరాబాదులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో చంపేశారు. 'సైలెన్స్' అనే పదం క్రియగా ఎట్లా పనిచేస్తుందో ఆయన కథలో తెలుస్తుంది.

పోలీసు చర్య తర్వాత కూడా అరెస్టులు ఆగలేదు. నల్లగొండ సాయుధ పోరాట కేసుల్లో కొందరికి ఉరిశిక్ష పడి, తర్వాత యావజ్జీవంగా మారింది. ఈ మార్పును ఇంగ్లీష్‌లో 'కమ్యూట్' అంటారు. మీకు తెలిసిన కమ్యూట్ రోజూ బస్సెక్కి పోవడం, ఇది ఇంకో అర్థం. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నల్లగొండ నుంచి పోటీ చేసి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచారు. నిషేధం నుంచి గెలుపు దాకా ఒక పేరా రాయగలిగితే ఇరవై పదాలు మీవైనట్టే.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతో కూర్చోండి. జబ్తు, జామీను, ఖైదు, ముద్దాయి, జులుం, వెట్టి, ఇవన్నీ వాళ్ల నోట అలవోకగా వస్తాయి. 'కాన్‌ఫిస్కేట్' అనే పదానికి 'స్వాధీనపరచుకొనుట' అని రాసుకుంటే రేపటికి ఉండదు. 'జబ్తు చేసుడు' అని రాసుకుంటే, ఎవరి పశువులు ఎవరు తోలుకుపోయారో కథతో సహా గుర్తుంటుంది. మన పల్లెల్లో ఈ మాటలు ఇంకా బతికున్నాయి. కోస్తా పుస్తకాల తెలుగులో అర్థం వెతికి నిరుత్సాహపడకండి.

నిజంగా మంత్రాల పేరుతో జరిగే హింస కూడా మనకు కొత్త కాదు. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషుల్ని కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు పీకడం, చంపడం తెలంగాణలో జరిగాయి. 'మంత్రాల నెపంతో హత్య' అని పేపర్లో వస్తుంది. ఆ 'నెపంతో' అన్నదే ఇంగ్లీష్‌లో 'ఆన్ ద ప్రీటెక్స్ట్ ఆఫ్'. అసలు కారణం భూమి తగాదానో, పాత కక్షో, ఇంట్లో వరుస చావులో అయి ఉంటుంది. 'బ్రాండ్' అనే క్రియ కూడా ఇక్కడ కావాలి, ముద్ర వేయడం. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో ఈ దురాచారం మీద చట్టాలు చేశాయి. జార్ఖండ్‌కు చెందిన ఛుట్నీ మహతోను మంత్రగత్తె అని ఊరివాళ్లు హింసించి తరిమేశారు. తర్వాత ఆమె తనలాంటి ఆడవాళ్లకు అండగా నిలబడ్డారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మీకు ఎస్సేకైనా, ఇంటర్వ్యూకైనా పనికొచ్చే సంగతి ఇది.

ఇన్ని కథలు పక్కపక్కన పెట్టినప్పుడు తేడాలు మరిచిపోకూడదు. సేలంలో మోపిన నేరం లోకంలో లేనిది, ఎవరూ చేయలేనిది. 1950ల అమెరికాలో గూఢచారులు కొందరు నిజంగానే ఉన్నారు, కానీ వల వేసింది ఏ నేరమూ చేయని వేలమంది మీద. తెలంగాణలో సంఘం, అంటే కమ్యూనిస్టుల చేతిలోని ఆంధ్ర మహాసభ, నిజంగానే తుపాకీ పట్టింది, వెట్టికి, గడీల దౌర్జన్యానికి ఎదురుగా. మూడింటినీ ఒకే గాటన కట్టి 'విచ్ హంట్' అంటే అది బద్ధకం. ఇవాళ ఏ నాయకుడి మీద విచారణ మొదలైనా నా మీద విచ్ హంట్ అంటాడు. అది నిజమో కాదో చూడటానికి మీ దగ్గర ఇప్పుడు కొలత ఉంది: సాక్ష్యం ఉందా, ఎదురు చెప్పుకునే అవకాశం ఇచ్చారా, ఒప్పుకుంటేనే వదులుతామన్నారా, ఇంకొకరి పేరు అడుగుతున్నారా? సేలంలో కోర్టు నమ్మింది దేన్నంటే, ముద్దాయి ఆత్మ వచ్చి నన్ను గిల్లిందని పిల్లలు చెప్పిన మాటను. దానికి 'స్పెక్ట్రల్ ఎవిడెన్స్' అని పేరు. అలాంటి సాక్ష్యాన్ని పక్కన పెట్టగానే తర్వాతి కేసులు చాలావరకు కూలిపోయాయి.

ఎలా చదవాలంటే, మొదటిసారి డిక్షనరీ ముట్టకుండా చివరిదాకా పోండి. కథ అర్థం కాకపోతే ముందు తెలుగులో చదువుకోండి, అందులో తప్పేం లేదు. రెండోసారి ఎవరు ఎవరిని ఏం చేశారో క్రియలు మాత్రమే ఏరండి. పాఠానికి ఎనిమిది, పది చాలు, నలభై పెట్టుకోవద్దు. ఒక్కో క్రియకు ఒక వాక్యం పాఠంలోని మనిషితో, ఇంకో వాక్యం మన జిల్లా చరిత్రతో రాయండి. వారం ఆగి, అదే పదాలు వచ్చే వేరే పాఠం, గెలీలియో మీద 1633లో జరిగిన మత విచారణ లాంటిది, చదవండి. అక్కడ 'హెరెసీ' (మతానికి విరుద్ధమైన మాట), 'ఇంక్విజిషన్' (మత విచారణ) కొత్తవి, 'రికాంట్' మాత్రం పాత పరిచయమే. అట్లా రెండో చోట కలిసిన పదం ఇక పోదు. ఆఖరున పుస్తకం మూసి, ఫ్రెండ్‌కు ఫోన్‌లో ఐదు నిమిషాలు కథ ఇంగ్లీష్‌లో చెప్పండి. తప్పులు వస్తాయి, టెన్షన్ పడకండి.

కొందరు కలిసి చదువుకుంటే కోర్టు సీను ఆడి చూడొచ్చు, మా దగ్గర ఆడిస్తాం. ఒకటే నియమం. ముద్దాయి పాత్రను క్లాసులో మెతక మనిషికి, అందరికంటే పేద పిల్లకు, కులం పేరుతో ముందే మాటలు పడుతున్నవాళ్లకు ఎప్పుడూ ఇవ్వను. మంత్రాల నెపంతో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. చెప్పమని ఎవరినీ అడగం, ఊళ్ల పేర్లూ ఎత్తం. మీకు కూడా చదువుతుంటే బాధ ఎక్కువైతే ఆ రోజుకు ఆపేయండి. పడుకోబోయే ముందు మాత్రం ఇవి చదవకండి, పొద్దున్నే చదవండి.

డిక్షనరీ సంగతి కూడా అడిగారు. విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీష్–ఇంగ్లీష్ డిక్షనరీ కొనండి. అందులో అక్యూజ్ పక్కన 'ఆఫ్' వస్తుందని చూపిస్తారు, తెలుగు అర్థాల పుస్తకాలు చాలావరకు అది చూపించవు. ఈ వారం సేలం పాఠంలోంచి పది క్రియలు ఏరి, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాసి పెట్టండి. ఇక్కడే పంపితే దిద్ది ఇస్తాను, ముఖ్యంగా 'ఆఫ్', 'విత్', 'టు' ఎక్కడెక్కడ తప్పాయో చూసి.